మిట్టమధ్యాహ్నమున ఫ్లాష్ దీపమేల?

గత సంవత్సరపు వార్షికోత్సవమున దీసిన ఫోటో చేతికి వచ్చిన మఱునాడు, ఎనిమిదవ తరగతి బాలిక తల్లి యొకతె దానిని తీసికొని మాయొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, ఇందులో మా పిల్ల ఎక్కడుందండీ?” అని యడిగెను. మేము వెనుకటి వరుసలో ఎడమనుండి యాఱవ బాలికను వ్రేలితో జూపితిమి. తెల్లని చొక్కా స్పష్టముగా నున్నది. జడకు గట్టిన రిబ్బను స్పష్టముగా నున్నది. ఆ రెంటి నడుమ మొగముండవలసిన చోట మసి పూసినట్లొక మచ్చ. “అవునండీ, రిబ్బను మాదే” అని యామె నవ్వి వెడలిపోయెను. కన్నబిడ్డను రిబ్బనునుబట్టి పోల్చుకొనవలసి వచ్చిన తల్లికి మేమేమి సమాధానము చెప్పగలము? ఆ దినమునుండి యీ విషయమును గూర్చి కొంత చదివి, కొంత మా చేతులతోనే పరీక్షించి, ఒక యభిప్రాయమునకు వచ్చితిమి. చీకటిలో దీయు ఫోటోలకంటె ఎండలో దీయు ఫోటోలకే ఫ్లాష్ దీపము ముఖ్యముగా గావలయుననునదియే ఆ యభిప్రాయము. చదువరులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వినవారమే.

పాఠశాలలలో గ్రూపు ఫోటో యెప్పుడు తీయుదురో యందఱెఱిగినదే. సభ ముగిసి, అతిథులు భోజనమునకు లేచులోపల, అనగా సూర్యుడు సరిగా నడినెత్తిపై నుండగా. అప్పుడు వెలుగు నిట్టనిలువుగా బడి నుదురును ముక్కుకొనయు మెఱయును. కనుబొమల క్రిందను గడ్డము క్రిందను నీడలు పేరుకొనును. మన కన్ను తెలివిగలది. ఎండను నీడను సర్దుకొని చూడనేర్చును. కెమెరా కా నేర్పు తక్కువ. పైగా దాని మీటరు తన యెదుటనున్న దంతయు మధ్యరకపు బూడిదరంగని తలచి వెలుగును నిర్ణయించును. అఱువదిమంది పిల్లలు తెల్లని యూనిఫారములు ధరించి, సున్నము వేసిన గోడముందు నిలువబడినచో, ఆ యంత్రము వెలుగు మిక్కుటముగా నున్నదని యెంచి దానిని తగ్గించివేయును. తగ్గుట చొక్కాలకు మేలే; నీడలోనున్న చామనచాయ మొగములకు మాత్రము ముప్పు.

ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. ఎండపడిన చెంపమీద వెలుగు ఎనిమిది పాళ్లు, కంటిగుంటలో నొక్క పాలు అనుకొందము. తారతమ్యము ఎనిమిదింతలు. ఇప్పుడు కెమెరా వైపునుండి రెండు పాళ్ల వెలుగు చేర్చినచో, చెంప పదియగును, కంటిగుంట మూడగును. చెంపకు వచ్చిన మార్పు అంతగా కానరాదు. కంటిగుంట వెలుగు మాత్రము మూడింతలైనది. తారతమ్యము మూడింతలకు కొంచెము పైగా దిగినది. దీనినే ఫోటోగ్రాఫరులు ఫిల్ లైటందురు. నీడను నింపు వెలుగన్నమాట. కనుపాపలో నొక చిన్న మెఱపుచుక్క కూడ నిలుచును. అది లేని కన్ను బొమ్మకన్నువలె నుండును.

“సూర్యునిముందు దివిటీ పట్టినట్లున్నది మీ మాట” అని మా సహోపాధ్యాయు లొకరు పరిహసించిరి. దివిటీ యైనచో వారి మాట నిజమే. కాని ఫ్లాష్ దీపము తన వెలుగంతయు సెకనులో సుమారు వెయ్యవ వంతు కాలములోనే క్రుమ్మరించును. కెమెరా షట్టరు తెఱచియున్న స్వల్పకాలములో అంతయు లోపల బడును. 1887లో జర్మనీ దేశమున మీథె, గేడికె యనువారు మెగ్నీషియము పొడిని మండించి యీ పని చేయించిరి. దానివలన వెలుగుతోబాటు పొగయు నిప్పును తప్పెడివికావు. తరువాత నొక్కమాఱు వెలిగి కాలిపోవు బల్బులు వచ్చెను. 1931లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హెరాల్డ్ ఎడ్జర్టన్ గారు వాయువు నింపిన గొట్టములో విద్యుత్తును మఱల మఱల మెఱపింపజేసిరి. నేడు అంగడిలో దొరకు చిన్న ఫ్లాష్ ఆ జాతిదే. సెల్‌ఫోను వెనుకనుండు దీప మా జాతిది కాదు. అది టార్చి, నడియెండలో దానివలన నించుకయు ప్రయోజనము లేదు. ఫోనులు క్షణములో పలు చిత్రములు దీసి, వానిని కలిపి నీడలను దేర్చుచున్న మాట నిజము, దానికి మెచ్చుకొందము. ఐనను వెలుగు చేరనిచోటిని లెక్కలతో వెలిగించినప్పుడు మొగము నిండ ఇసుక చల్లినట్లుండుట మనము తఱచు చూచునదియే.

ఉన్నత తరగతులవారు తప్పక గ్రహింపదగిన విషయ మొకటి కలదు. ఎండలో ఫ్లాష్‌తో దీసిన ఫోటో నిజముగా రెండు ఫోటోలు: ఒకటి సూర్యుడు దీసినది, రెండవది దీపము దీసినది. షట్టరు వేగము మార్చినచో మొదటిదే మాఱును. దీపపు వెలుగు ఎట్లును రెప్పపాటులో ముగిసిపోవునది గావున దానికేమియు గాదు. దీపపు బలమును దూరమును మార్చినచో రెండవదే మాఱును. ఎపర్చరు మార్చినచో రెండును మాఱును. ఈ మూడు మాటలు పట్టువడినవానికి తక్కినది గణితమే. ఐ.ఎస్.ఓ. 100 వద్ద, నిండు ఎండలో, సెకనులో 200వ వంతు, ఎఫ్/11 సరిపోవును. గైడు నంబరు 22 మీటర్లు గల చిన్న ఫ్లాష్‌ను తీసికొందము. 22ను 11తో భాగింప 2. అనగా రెండు మీటర్ల దూరమున ఆ దీపము ఎండతో సమానముగా వెలుగిచ్చును. మనకంత యక్కఱలేదు. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగునని భౌతికశాస్త్రములో చదివితిరి గదా! కావున నాలుగు మీటర్ల వద్ద ఎనిమిది పాళ్లకు బదులు రెండు పాళ్లు. పై లెక్కలో మేము కోరిన రెండు పాళ్లు ఇవియే. షట్టరు నింకను వేగము చేసి ఎపర్చరును తెఱతమన్న నాశ కలుగవచ్చును. కాని పెక్కు కెమెరాలలో 200 లేక 250వ వంతు దాటినచో చిత్రమున నొకప్రక్క నల్లని పట్టీ పడును.

ఇచ్చటనే మేము మొదట భంగపడితిమి. నలుగురు పిల్లలను నిలిపి తీసిన ఫోటో చక్కగా వచ్చినదన్న యుత్సాహముతో, తరగతి నంతటిని నిలిపి, ఎనిమిది మీటర్లు వెనుకకు జరిగి తీసితిమి. ఏ మార్పును లేదు! దీపము పాడైనదని తిట్టుకొంటిమి కాని తప్పు దీపముది కాదు, మాది. ఎనిమిది మీటర్లవద్ద చేరునది అరపాలే. చిన్న దీపము పెద్ద గుంపును నడియెండలో నాదుకొనజాలదు. అమ్మువా రేమి చెప్పినను నమ్మవలదు. వారు పెట్టెపై ముద్రించు గైడు నంబరు సాధారణముగా దీపపు వెలుగును సన్నని పాయగా బిగించి కొలిచినది. గుంపుమీదికి విస్తరింపజేసినచో నది చాల తగ్గును.

ఐనచో గుంపునకు దారి యేది? నీడ. సాయంకాలము నాలుగు గంటలకు తూర్పుగోడ నీడలో వెలుగు ఎండలోని దానిలో సుమారు ఎనిమిదవ వంతుండును. అప్పుడు సెకనులో 100వ వంతు, ఎఫ్/5.6 చాలును. 22ను 5.6తో భాగింప దాదాపు 4. నాలుగవ వంతు వెలుగు ఎనిమిది మీటర్ల వఱకు బోవును. మధ్యాహ్నము మమ్ము మోసపుచ్చిన దీపమే సాయంకాలము పనికివచ్చినది. అతిథుల భోజనమునకు బదులు ఫోటో వేళ మార్చుట కష్టమని కొందఱందురు. కష్టమే, ఐనను అడిగి చూడవలయునని మా తలంపు. దీపమును కెమెరాపై గాక వెదురుకఱ్ఱ చివర గట్టి, చిన్న రేడియో ట్రిగ్గరుతో వెలిగించి, ఎత్తుగా బట్టుకొనినచో కండ్లజోళ్లపై తళుకును దప్పును. మఱియు గుంపునకు మఱీ దగ్గఱగా నిలువరాదు: ముందువరుస మూడు మీటర్లలో, వెనుకవరుస ఐదు మీటర్లలో నున్నచో ముందువారికి దాదాపు మూడింతల వెలుగు పడి, వెనుకవారు మఱల చీకటిలోనే మిగులుదురు. ఎల్లప్పుడు వెనుకవరుసలో నిలువబడువా రెవరో మనకు దెలియును.

ఈ సంవత్సరము తల్లిదండ్రుల సభలో పాఠశాలకు ఖరీదైన క్రొత్త కెమెరా కొనవలయునని ప్రస్తావన వచ్చినది. క్రొత్త కెమెరాలు నీడలోని వివరములను పూర్వపువానికంటె బాగుగా పట్టునని మేము నొప్పుకొందుము. ఐనను కంటిగుంటలోనికి వెలుగును పంపు కెమెరా యేదియు లేదు. చేతితో సర్దుకొను చిన్న ఫ్లాష్ రెండు మూడు వేల రూపాయలకు దొరకుచున్నది. ఉన్న కెమెరాతో రెండు ఫ్లాష్‌లు కొని, ఫోటో వేళ మార్చి, ఒక సంవత్సరము చూచిన పిమ్మట పెద్ద వ్యయమును గూర్చి యాలోచింతము. ఆ రెండు కొనుటకును తోచనిచో నలుగురైదుగురి ఫోటోలకు తెల్లని థర్మోకోల్ అట్ట యొకటి చాలును. ఎండను దానిపై బట్టి మొగమువైపు త్రిప్పుడు.

ఫ్లాష్ వేసినచో మొగములు సున్నము గొట్టినట్లుండునని యొక యాక్షేపణ. దీపమును దగ్గఱ బెట్టి నిండు బలముతో వెలిగించిన యట్లే యగును; సగము, నాలుగవ వంతు, ఎనిమిదవ వంతుగా తగ్గించుకొనుటకు మీటలున్నవి. కాని యీ సున్నపు మాట మఱియొక సంగతిని దలపునకు దెచ్చుచున్నది. మేము ముందు చెప్పిన ఫోటోను సరిచేయుడని యొక స్టూడియోకు బంపగా, వారు పిల్లలందఱి మొగములకు తెలుపు పూసి పంపిరి. అందు మా పిల్లలు లేరు, ఎవరో కలరు. పూర్వము రంగు ఫోటోల అచ్చు సరిచూచుటకు కోడక్ సంస్థవారు ప్రయోగశాలలకు పంపిన ‘షర్లీ కార్డు’లందు చిరకాలము తెల్లదొరసాని బొమ్మయే యుండెడిది, 1990లలో గాని నల్లని, చామనచాయ స్త్రీలు వానియందు స్థానము పొందలేదు. యంత్రములను తీర్చినవారి యెదుట మన మొగములు చాలకాలము లేవన్నమాట. నీడను నింపుట వేఱు, చర్మమును తెలుపుచేయుట వేఱు. మేము కోరునది మొదటిదే. నల్లని బిడ్డ నల్లగానే, కన్నులు కనబడునట్లు ఫోటోలో నుండవలయును.

విద్యార్థుల కొక హెచ్చరిక. ఇండ్ల అటకలపై నున్న పాత ఫ్లాష్‌లను తెచ్చి నేటి కెమెరాలకు తగిలింపకుడు. వానిలో కొన్ని కెమెరా కాలిమీదికి రెండువందల వోల్టులకు మించి పంపి దానిని చెఱుపగలవు. ఏ ఫ్లాష్‌నైనను మూత విప్పకుడు. బ్యాటరీలు తీసివేసిన పిమ్మటను లోపలి కెపాసిటరులో సుమారు మూడువందల వోల్టులు నిలిచియుండవచ్చును.

ఈ యేటి ఫోటోకు పదవ తరగతి బాలురిద్దఱు వెదురుకఱ్ఱ పట్టుటకు నొప్పుకొనిరి. బ్యాటరీలు ముందటి రాత్రియే చార్జి చేయింతుము. ఆఱవ స్థానములోని బాలిక యిప్పుడు తొమ్మిదవ తరగతికి వచ్చినది. ఆమెను ఈమాఱు ముందువరుసకు పిలువక, ఉన్నచోటనే నిలిపి చూడదలచితిమి.