ఒంటరితనం ఒకరి లోపం కాదు

జ్వరం వస్తే సెలవు అడుగుతాం. కాలు విరిగితే నలుగురు పలకరించడానికి వస్తారు. కానీ మనసు విప్పి మాట్లాడడానికి నాకెవరూ లేరని చెప్పుకోవడానికి మాత్రం చాలామందికి నోరు రాదు. చెప్పినా ఏం వింటారు? కుర్రవాళ్లయితే ఫోను పక్కన పెట్టమంటారు. పెద్దవాళ్లయితే వయసు మీద పడిందంటారు. విశ్వాసులైతే ప్రార్థన తగ్గిందంటారు. ఏ మాట అన్నా తప్పు మాత్రం బాధపడుతున్నవారి మీదికే వెళ్తుంది. ఈ తీర్పును మేము ఒప్పుకోలేము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో ఈ సమస్యపై ఒక కమిషన్‌ను నియమించింది. 2025 జూన్ 30న వచ్చిన దాని నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8,71,000కు పైగా మరణాలకు, అంటే గంటకు దాదాపు 100 మరణాలకు దీనితో సంబంధం ఉందని అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం వచ్చే ప్రమాదం పెరుగుతుందని, కుంగుబాటు వచ్చే అవకాశం రెట్టింపు అవుతుందని కూడా చెప్పింది.

ఇది డబ్బున్న దేశాల జబ్బు, ముసలివాళ్ల జబ్బు అని మనలో ఒక నమ్మకం ఉంది. లెక్కలు వేరే చెబుతున్నాయి. అధికాదాయ దేశాల్లో ఒంటరితనం అనుభవిస్తున్నవారు సుమారు 11 శాతం ఉంటే, అల్పాదాయ దేశాల్లో 24 శాతం. వయసు ప్రకారం చూస్తే యుక్తవయసు పిల్లల్లో, యువతలో ఎక్కువ. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం ప్రత్యేకంగా మంత్రులనే నియమించాయి. మన దేశంలో ఇది ఇంకా ఇంటి గుట్టుగానే ఉంది.

మన చుట్టూ చూద్దాం. బెంగళూరులో, పుణెలో పీజీ గదుల్లో ఉంటున్న మన పిల్లలు రాత్రి షిఫ్టు చేసి, తెల్లవారాక నిద్రపోయి, మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంటున్నారు. టీములో పది మంది ఉన్నా కెమెరాలు ఆపేసిన మీటింగుల్లో పేర్లే తప్ప ముఖాలు కనబడవు. డెలివరీ పనిచేసే తమ్ముడికి పై అధికారి ఒక యాప్. పక్కన బండి మీద కూర్చున్న మరో కుర్రాడు తోటి కార్మికుడు కావాల్సింది పోయి, తర్వాతి ఆర్డరుకు పోటీదారు అయ్యాడు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర పన్నెండు గంటలు కూర్చునే వాచ్‌మన్‌కు వందల మంది ఎదురవుతారు, పేరు పెట్టి పిలిచేవారు ఎందరు? పని వేళలు, టార్గెట్లు, ఎప్పుడు తెగుతాయో తెలియని కాంట్రాక్టులు మనుషులను విడదీస్తున్నాయి. ఏర్పాటులో ఉన్న లోపాన్ని మనసులో ఉన్న లోపమని చెప్పడం అన్యాయం.

కోలారు బంగారు గనుల సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. ఆ పని ప్రాణాంతకమైనది, దాన్ని పొగడనవసరం లేదు. అయినా గని చుట్టూ కార్మికుల లైన్లు, యూనియన్లు, తమిళ తెలుగు సంఘాలు ఉండేవి. 2001లో గనులు మూతపడ్డాక అక్కడివారు వేలాదిగా తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు. జీతం ఎలాగో దొరికింది. ఇరుగుపొరుగుతో కూర్చునే సమయం పోయింది.

ఒంటరితనానికి ఇంకో ముఖం వెలివేత. మురుగు శుభ్రం చేసే అన్నతో కలిసి టీ తాగనివారు, కులం తెలిశాక ఇల్లు అద్దెకివ్వనివారు, ఆఫీసు భోజనాల బల్ల దగ్గర ఇంటిపేరు ఆరా తీసేవారు ఉన్నంతకాలం “నలుగురితో కలిసి ఉండు” అనే సలహా ఎగతాళిగానే వినిపిస్తుంది. కలవనివ్వని గోడ ముందు పడాలి.

మరి సంఘం ఏం చేయాలి? ఏలీయా ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె నీళ్లు పంపాడు. ఆ తర్వాతే అతడు ఒక్కడే మిగల్లేదని, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని తెలియజేశాడు. చివరికి ఎలీషాను తోడిచ్చాడు. అన్నం, విశ్రాంతి, తోడు అనే ఈ వరుసను మనం తలకిందులు చేసి వాక్యంతో మొదలుపెట్టి వాక్యంతోనే ముగిస్తున్నాం.

ఆరాధన అయ్యాక కరచాలనం చేసి వెళ్లిపోవడం సహవాసం కాదు. రెండు ఆదివారాలు కనబడనివారికి ఫోను చేసే బాధ్యత ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు తీసుకోవాలి. నెలకొకసారి కలిసి భోజనం చేయాలి, అక్కడ ఊడ్చే అక్క, ఇంజినీరు తమ్ముడు ఒకే వరుసలో కూర్చోవాలి. ఆదివారం డ్యూటీ ఉన్నవారికోసం వారం మధ్యలో ఒక సాయంత్రం కూడిక పెట్టాలి. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదని వేదిక మీదినుంచే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద ఉండాలి. ఆ ఫోను ఉచితం, పగలైనా రాత్రైనా పలుకుతారు.

సంఘంతోనే సరిపోదు. చెన్నై కార్పొరేషన్ 2025లో అణ్ణానగర్‌లో డెలివరీ పనివారికి ఏసీ విశ్రాంతి గది తెరిచింది. చిన్న పనే, కానీ ఎండలో విడివిడిగా నిలబడేవారు ఒకచోట కూర్చునే వీలు దొరికింది. అలాంటి గదులు ప్రతి నగరంలో అడుగుదాం. కర్ణాటక అదే ఏడాది గిగ్ కార్మికుల సంక్షేమానికి చట్టం చేసింది. దాని కింద నమోదు చేసుకోవడానికి మన యువజన కూటములు సహాయపడవచ్చు. కంపెనీలను నిర్ణీత పని వేళలు, కలిసి తినే భోజన విరామం, యూనియన్ పెట్టుకునే హక్కు అడగాలి. ఇవి దయాధర్మాలు కావు, ఆరోగ్య రక్షణలు.

యౌవనస్థులారా, మీలో ఎవరైనా ఇప్పుడు ఆ బాధలో ఉంటే దాన్ని సిగ్గుగా మోయకండి. ఒక్కరికైనా చెప్పండి. బాగున్నవారు ఈ వారమే ఒకరికి ఫోను చేయండి. పనేమీ లేకుండా, ఊరికే బాగోగులు అడగడానికి.