కాలువ పలకలు ఎందుకు లేస్తున్నాయి?

ఈ నెల కూడా చివరి ఆయకట్టు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకటే మాట. లైనింగ్ వేసి రెండేళ్లు కాలేదు, పలకలు లేచిపోయాయి, నీళ్లు మధ్యలోనే ఇంకిపోతున్నాయి, మా తూము దాకా రావడం లేదు అని. కాంట్రాక్టరు సిమెంటు తిన్నాడా అని సభ్యులు అడుగుతున్నారు. తిని ఉండొచ్చు, ఆ సంగతి వేరే తేల్చుకుందాం. కానీ నల్లరేగడిలో సిమెంటు సరిగ్గా వేసినా పలక లేస్తుంది. ఎందుకో మనం తెలుసుకోకపోతే వచ్చే వేసవిలో మళ్లీ అదే పని, అదే బిల్లు.

రేగడి సంగతి మనకు ఒకరు చెప్పాలా? ఎండాకాలం నెర్రెల్లో చెయ్యి మోచేతి దాకా దూరుతుంది. నాలుగు మంచి వానలు పడితే ఆ నెర్రె ఎక్కడుందో కనబడదు. (మన రేగడ అన్న మాటనే ఇంగ్లీషు వాళ్లు రెగర్ అని పుస్తకాలకెక్కించారు.) ఆ మట్టిలో మాంట్‌మొరిలొనైట్ అనే ఖనిజం ఉంది. కంటికి ఆననంత పలుచని రేకులు, అప్పడాల దొంతరలాగా ఒకదానిమీద ఒకటి. రేకుల మధ్య క్యాల్షియం, సోడియం అయాన్లు ఉంటాయి. తడి తగలగానే అవి నీటిని లోపలికి లాగుతాయి, రేకులు ఎడమవుతాయి, మట్టి ఉబ్బుతుంది. సోడియం ఎక్కువైతే ఉబ్బు కూడా ఎక్కువే. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కేయొలినైట్ రేకులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీటిని మధ్యకు రానివ్వవు. అందుకే ఎర్రనేలలో కట్టిన గోడ నిలబడుతుంది, రేగడిలో కట్టింది మూలన చీలుతుంది. వానాకాలం తాగిన తడితోనే శనగ పండించే నేల ఇది. దాన్ని మేము తప్పుపట్టడం లేదు.

లెక్క చూడండి. నాలుగంగుళాల మందం కాంక్రీటు పలక చదరపు మీటరుకు సుమారు 240 కిలోల బరువు. కింద రేగడి ఉబ్బి పైకి తోసే ఒత్తిడి చదరపు మీటరుకు 10 టన్నులు దాటడం అరుదేమీ కాదు. ఇంక ఆ పలక ఆగుతుందా? నీళ్లు వదిలితే ఉబ్బు, ఆపితే కుంగు. ఏటా ఇదే.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. బొంబాయి ఐఐటీలో ఆచార్య ఆర్.కె. కట్టి దశాబ్దాల కిందటే చూపించారు. రేగడికీ పలకకూ మధ్య ఉబ్బని, కానీ జిగురున్న మట్టిని తగిన మందంలో పరిచి దిమ్మిస చేయాలి. వట్టి ఇసుక పోస్తే పనికిరాదు. ఉబ్బే నేలల్లో కాలువ లైనింగ్‌కు ఐఎస్ 9451 అనే జాతీయ ప్రమాణమే ఉంది. మా మండలంలో లేచిన పలక కింద మేము తవ్వి చూస్తే వేలెడు మందం కూడా లేదు, నేరుగా నల్లమట్టే.

మట్టి ఎంత ఉబ్బుతుందో మనమే చూసుకోవచ్చు. కాలువ గట్టు మట్టిని ఎండబెట్టి, దంచి, సన్నని జల్లెడ పట్టండి. 10 గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో పోసి, ఒకదాన్ని నీళ్లతో, ఇంకోదాన్ని కిరోసిన్‌తో నింపి ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. (ఇప్పుడు కిరోసిన్ దొరకడమే కష్టం, అది వేరే కథ.) నీళ్లలో మట్టి మట్టం కిరోసిన్ మట్టం కంటే సగానికి మించి ఎక్కువుంటే అది బాగా ఉబ్బే నేల. మేము చేసిన దాంట్లో దాదాపు రెట్టింపు లేచింది. హైస్కూలు సైన్సు మాస్టారిని అడిగితే గొట్టాలు ఇస్తారు.

మన డిమాండు ఇది. రేగడిలో వేసే ప్రతి లైనింగ్ ఎస్టిమేటులో ఈ మట్టి పొర ఉండాలి, దాని మందం కొలిచాకే పలకలు వేయాలి, పలకలు వేశాక ఎవరూ చూడలేరు కనుక కొలిచేటప్పుడు ఆయకట్టు రైతులు ఇద్దరైనా పక్కన ఉండాలి. ఎస్టిమేటు, మట్టి పరీక్ష కాగితాల నకళ్ల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు నమూనా సంఘం ఆఫీసులో ఉంది. కాలువ కట్టే లోపు, అంటే పనులు మొదలుకాక ముందే పెట్టండి. వచ్చే నెల సమావేశానికి వచ్చేవాళ్లు మీ కాలువ గట్టు మట్టి ఒక కిలో సంచిలో తెండి, ఏ కిలోమీటరు రాయి దగ్గరిదో చీటీ మీద రాసి.