మాతృకలో తప్పు లేదు

పిల్లవాడికి మతి చలిస్తే మన ఇళ్ళలో మొదటి విచారణ తల్లిమీదే జరుగుతుంది. “నీ పెంపకం అలా ఏడిసింది” అంటారు అత్తగారు. “ఏ పుట్టింటి పోలికో” అని ఆడబిడ్డ అందుకుంటుంది. మనవాళ్ళనే అనుకొని లాభం లేదు. స్కిజోఫ్రీనియాకు మూలం తల్లే అన్న అర్థం వచ్చే మాటను 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే వైద్యురాలే వాడారు. ఆ నిందను ఎందరో తల్లులు మోశారు.

1966లో లెనార్డ్ హెస్టన్ అనే వైద్యుడు లెక్క తీశాడు. ఆ జబ్బున్న తల్లులకు పుట్టి, మూడు రోజుల్లోగా వేరుపడి, పరాయి పంచన పెరిగిన 47 మందిలో 5గురికి జబ్బు వచ్చింది. జబ్బులేని తల్లులకు పుట్టి, అలాగే పెరిగిన 50 మందిలో ఒక్కరికీ రాలేదు. పెంపకం మీది నింద వీగిపోయింది. “అయితే రక్తంలోనే వుందన్నమాట!” అంటుంది ఆడబిడ్డ. తొందర పడకమ్మా! మిగతా 42 మందికీ రాలేదు గదా!

పసితనంలో వచ్చే జబ్బు సంగతి మరీ చిత్రం. పదమూడేళ్ళు నిండకుండా ఇది రావడం బహు అరుదు. అటువంటి పిల్లలను అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జూడిత్ రాపోపోర్ట్ బృందం ఏళ్ళ తరబడి పరీక్షించింది. నూటికి సుమారు నలుగురిలో 22వ క్రోమోజోములో చిన్న తునక లోపించింది. మామూలు జనంలో అది వేలమందిలో ఒకరికి వుండే లోపం.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి కనుక నా పద్ధతిలో చెబుతాను. తాళపత్రానికి నకలు రాసే లేఖకుడు ఒక్కొక్కప్పుడు ఒక పంక్తి జారవిడుస్తాడు. మాతృకలో ఆ పంక్తి భద్రంగానే వుంటుంది. ఈ తునక లోపం పదింట తొమ్మిదిసార్లు అటువంటిదే. తల్లిలోనూ లేదు, తండ్రిలోనూ లేదు. బిడ్డ దగ్గరే కొత్తగా జరిగింది. ఇక తక్కిన పిల్లల్లో చాలామందికి ఏ ఒక్క జన్యువునూ దోషిగా నిలబెట్టలేము. చిన్న చిన్నవి అనేకం కలిసి పనిచేస్తాయి.

నేనెరిగిన ఒక ఇల్లాలు, ఎవరూ లేని గదిలో మాటలు వినబడుతున్నాయనే పదకొండేళ్ళ కొడుకును రెండేళ్ళు లోకం కంట పడనీయలేదు. కూతురి సంబంధాలు చెడతాయని భయం. ఆ రెండేళ్ళూ వైద్యం లేకుండా పోయాయి. వంశానికి మచ్చ అనుకున్నదాన్ని దాచారు. దాచవలసిన మచ్చే లేదు.

మీ ఇంటిలో ఇటువంటి బిడ్డ వుంటే మానసిక వైద్యునికి చూపించండి. క్రోమోజోము పరీక్ష అవసరమా అని అడగండి. ఆ తునక లోపించినవారిలో గుండెజబ్బు కూడా వుండవచ్చు. ముందే తెలిస్తే మేలు. విచారణ మాత్రం ఇక చాలించండి.