ఇది నవలయా, నాటకమా?



1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటను మా బెంగళూరు పిల్లలును ఆడుచున్నారు. ఒకరు కథ నడుపగా తక్కినవారు పాత్రలై మాట్లాడుదురు; సాహసము ఫలించునో లేదో పాచికలు తేల్చును. 2022లో ఆ ఆటకే మిమి మండల్ గారు బెంగాలు ఛాయలుగల కథ వ్రాయగా ఆంగ్లమున అచ్చయినది.

నేను బాలనాగమ్మ కథను అట్లే తెలుగులో వ్రాసితిని. ఫకీరు ప్రాణమున్న చిలుక జాడను మూడుచోట్ల దాచితిని. ఒకచోట తప్పినను ఆట ఆగదు. ఒక ప్రచురణకర్త "నవలయా, నాటకమా?" అని త్రిప్పి పంపిరి. రెండును కాదు, ముగింపు ఆడువారిది.

తెలుగక్షరములు రాని మా మనుమలు ఫకీరును ఏమార్చుటకై రెండు గంటలు తెలుగే మాట్లాడిరి. పొరుగిల్లు అడుగుచున్నది; ఉన్నది ఒక్క వ్రాతప్రతి. అచ్చొత్తించువారు లేరా?

మల్లేశ్వరం, బెంగళూరు
— ఒక తాత