జాగా లేని మేస్త్రి

ఇల్లు కట్టి చూడుమని పెద్దల మాట. మా పాలమూరు కూలీ ఆ పరీక్షలో ఏనాడో నెగ్గినాడు. అయితే కట్టిన ఇండ్లలో ఒక్కటియు అతనిది కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు రాతికట్ట మొదలు నేటి హైదరాబాదు అంతస్తుల వరకు అతని చెమట కలదు. గుంపు మేస్త్రి వద్ద అడ్వాన్సు పుచ్చుకొని, ఆలుబిడ్డలతో తరలి, పని సాగినన్నాళ్లు రేకుల పాకలో కాపురముండి, అది ముగియగనే పాక విప్పుకొని పోవుటయే అతని గృహచరిత్ర.

ప్రభుత్వములు ఊరకున్నవని మేము అనజాలము. 1979లో గృహనిర్మాణ సంస్థ, 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ పథకము, 2015లో ఉచితముగా రెండు పడకగదుల ఇండ్లు వచ్చినవి. ఈ చివరిది జాగా లేనివారికి అక్కరకు వచ్చినది. ఇండ్లు కొన్ని, చాచిన చేతులు పెక్కు అయినందున లాటరీ తీయవలసివచ్చినది. 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము ఇంటికి 5 లక్షల రూపాయలు ఇచ్చుచున్నది. మొత్తము చిన్నది కాదు. కాని మొదటి వంతు సొంత జాగా గలవారిది. తొలి లక్ష చేతికందునది పునాది లేచిన పిమ్మటనే. ఆ పునాదికి పైకమెక్కడిది? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకొనవలసినదే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణములలో కిరాయి ఇండ్ల సంసారములు వేరొక కథ. విజయవాడ, బెంగళూరు రహదారుల వెంట పొలములు ప్లాట్లయినవి. నగరవాసి వాటిని బంగారమువలె కొని దాచుకొనుచుండగా, తోపుడుబండివాడు గజము ధర అడుగుటకే జంకుచున్నాడు. ఇక పేరు చెప్పగనే “ఇల్లు ఖాళీ లేదు” అను జవాబు మాకును అనుభవమే. టులెట్ బోర్డు మాత్రము గోడకు వ్రేలాడుచునే యుండెను.

కావున ముందు జాగా పట్టా ఈయవలెను. అదియు కూలి దొరకు చోటికి నడచిపోదగినంత దూరములో. తొలి వాయిదా పునాదికి ముందే అందవలెను. పేర్లు వ్రాసికొను గ్రామసభ వలసపోయినవారు ఊరు చేరు ఉగాదికో పీర్ల పండుగకో జరుగవలెను. వారు లేనప్పుడు తయారైన జాబితాలో వారి పేర్లు ఎట్లుండును?

ఇవి మా ఊహలు మాత్రమే కాకుండవలెనన్న లెక్కలు కావలెను. విద్యార్థులు ఈ సెలవులలో తమ వీధిలోని ఇండ్లకు పోయి నాలుగు సంగతులు వ్రాసికొని రావలెను: నెల రాబడి ఎంత, అందు కిరాయి ఎంత, ఒక గదిలో ఎందరు, పట్టా కలదా. యజమానుల పేర్లు అక్కరలేదు. నోటుపుస్తకములకును, బస్సు ఛార్జీలకును కమిటీ పెద్దలు కొంత మంజూరు చేయగోరుచున్నాము. మొదటి పుటలో మా కిరాయి ఇంటి లెక్కయే వ్రాసియిత్తుము.