సీత గీసింది బొటనవేలు మాత్రమే

కోలారు జిల్లాలో ముళబాగిలుకు దగ్గరలో ఆవని అనే ఊరుంది. కె.జి.ఎఫ్. కుటుంబాల వాళ్ళకు ఆ కొండ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. వాల్మీకి ఆశ్రమం అక్కడే ఉండేదనీ, లవకుశులు అక్కడే పుట్టారనీ స్థలపురాణం. కింద నొళంబ రాజుల కాలంనాటి రామలింగేశ్వరుడి గుడి, దాని చుట్టూ లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర్లతో మరికొన్ని గుళ్ళు. కొండమీద సీతమ్మ గుడి. అన్నదమ్ములంతా కిందే ఉండిపోయారు, ఆవిడ ఒక్కతే పైన ఉంది. పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్ళు ఆ సీతమ్మ దగ్గరికే ఎక్కి వెళతారు.

నిండు చూలాలు అడవిలో ఎందుకు కనవలసి వచ్చిందీ అంటే మనకు చప్పున గుర్తొచ్చేది చాకలివాడి మాట. 1963లో వచ్చిన 'లవకుశ' సినిమా ఆ సంగతిని మన మనసుల్లో అచ్చు వేసేసింది. వాల్మీకి ఉత్తరకాండలో నిజానికి చాకలి లేడు, ఊరి జనం అనుకుంటున్న మాటలే రాముడి చెవిన పడతాయి. మన తెలుగు ఆడవాళ్ళు తరతరాలుగా ఇళ్ళల్లో పాడుకున్న రామాయణం పాటల్లో ఈ రెండూ కాని మూడో కారణం ఒకటుంది. వెల్చేరు నారాయణరావు గారు 1991లో అచ్చయిన ఒక ఇంగ్లీషు వ్యాసంలో ఈ పాటల గురించి విపులంగా రాశారు.

కథ ఇది. రావణుడు చచ్చాడు, సీతారాములు అయోధ్యలో సుఖంగా ఉన్నారు. అది చూసి ఓర్వలేని మనిషి ఒకతె మిగిలింది, శూర్పణఖ. సన్యాసిని వేషం వేసుకుని సీత దగ్గరికి వచ్చి, రావణుడి బొమ్మ గీసి ఇమ్మంది. "నేను ఆయన ముఖం ఎన్నడూ చూడలేదమ్మా" అంది సీత. తల వంచుకుని కూర్చున్న మనిషికి కనిపించింది కాలి బొటనవేలు ఒక్కటే. పోనీ అదే గీయమంది శూర్పణఖ. సీత గీసి ఇచ్చింది. ఆ వేలికి మిగతా ఒళ్ళంతా తగిలించి, బ్రహ్మ చేత ప్రాణం పోయించి, మళ్ళీ తెచ్చి సీత దగ్గర పడేసి పోయింది శూర్పణఖ. ఆ బొమ్మ సీతను వదలదు. చివరకు రాముడి కంట పడింది. ఆ తరువాతది మీకు తెలిసిందే.

నాకు మాత్రం ఈ పాట కథే నచ్చుతుంది. పాపం, తప్పంతా రేవులో బట్టలుతుక్కునే మనిషి నెత్తిన రుద్దకుండా, నిప్పు ఎక్కడ పుట్టిందో ఆడవాళ్ళు సూటిగా చూపించారు.

మనం ఈర్ష్య, అసూయ అని జంటగా అనేస్తాం గాని, అమరకోశం రెండింటినీ విడదీసింది. ఓర్వలేకపోవడం ఈర్ష్య. మంచిగుణం మీద కూడా దోషం మోపడం అసూయ. సీత పరపురుషుడి ముఖం చూడకపోవడం గుణం. ఆ గుణానికి సాక్ష్యంగా నిలవాల్సిన బొటనవేలినే శూర్పణఖ దోషానికి సాక్ష్యంగా మార్చింది. నిఘంటువులో ఒక్క ముక్కలో ఉన్నదాన్ని చదువురాని ఆడవాళ్ళు కథ చేసి చెప్పారన్నమాట.

అసలు శూర్పణఖ మొదటినుంచీ అంతే. అరణ్యకాండలో రాముడి ముందు నిలబడి సీతను కురూపి అని ఈసడించింది. తరువాత రావణుడి కొలువుకు పోయి, సీతంత అందగత్తె ముల్లోకాల్లో లేదని వర్ణించింది. అసూయపడే మనిషికి అవతలివాళ్ళ గొప్ప తెలియక కాదు సుమా, అందరికంటే బాగా తెలిసేది వాళ్ళకే.

ఈ బొమ్మ కథ మన ఒక్కరి సొత్తూ కాదు. పన్నెండో శతాబ్దపు జైన పండితుడు హేమచంద్రుడి రామకథలో సీత చేత రావణుడి పాదాలు గీయించింది ఆమె సవతులు. బెంగాలులో చంద్రావతి అనే కవయిత్రి చెప్పిన రామాయణంలో కైకేయి కూతురు కుకుయా, అంటే సాక్షాత్తూ ఆడపడుచు, వదిన చేత విసనకర్ర మీద రావణుడి బొమ్మ వేయించి, ఆమె నిద్రపోయాక దాన్ని గుండెలమీద పెట్టి అన్నగారిని పిలుచుకొస్తుంది. ఓర్వలేనిది ఎవరన్నది ఊరూరా మారింది. బొమ్మ మాత్రం మారలేదు. షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో ఈ పని ఒక చేతిరుమాలు చేసింది. ఇయాగో ఆ రుమాలును సృష్టించలేదు, అది ఒథెల్లో తన భార్యకు ఇచ్చిన కానుకే. అసూయ పూర్తి అబద్ధంతో పని మొదలుపెట్టదు. దానికి ఒక నిజమైన బొటనవేలు కావాలి. ఆ వేలిని చూసి ఒళ్ళంతా నమ్మే మనిషి ఇంకొకడు కావాలి. కత్తి ఎప్పుడూ ఆ రెండోవాడి చేతిలోనే ఉంటుంది.

కోలారు పట్టణం పేరు కూడా ఇలాంటి కథ పక్కకే మనల్ని తీసుకువెళుతుంది. పరశురాముడికీ కార్తవీర్యుడికీ జరిగిన యుద్ధంలో లేచిన కోలాహలం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. ఆ పరశురాముడి తల్లి రేణుక నీళ్ళకు వెళ్ళి, జలక్రీడలాడుతున్న చిత్రరథుణ్ణి చూసి ఒక్క క్షణం మనసు చెదిరింది. జమదగ్నికి అది చాలింది. నలుగురు కొడుకులు తల్లిని చంపం అన్నారు, ఐదోవాడు గొడ్డలెత్తాడు. అక్కడ చాడీ చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఓర్వలేనివాడూ, నమ్మినవాడూ ఒక్కడే. కోలారమ్మ గుడిలో తేలుకుట్టు నుంచి కాపాడే చేళమ్మ కూడా ఉంది. కళ్ళు కుట్టే జబ్బుకు ఏ అమ్మ దగ్గరికి వెళ్ళాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కళ్ళు కుట్టడం అన్నాను కదా. తెలుగులో ఈ జబ్బుకు ఉన్న మాటలన్నీ ఒంటికి సంబంధించినవే. ఒళ్ళు మండుతుంది, కళ్ళు కుడతాయి. అన్నింటికంటే పెద్దమాట కడుపుమంట. నన్నయగారి ఆదిపర్వం తెరిస్తే ఆ మాట ఎంత అక్షరాలా నిజమో తెలుస్తుంది. గర్భం మోస్తున్న గాంధారి, కుంతికి కొడుకు పుట్టాడని విని తన కడుపు తానే బాదుకుంది. కౌరవులు ఆ దెబ్బకు పుట్టారు. అంతకుముందు వినత కథ. సవతి కద్రువ గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చారు, తనవి ఇంకా పగలలేదు. ఆగలేక ఒక గుడ్డును చేత్తో చిదిపింది. తొడలు లేని అనూరుడు పుట్టాడు. పుడుతూనే, సవతికి దాసివి అవుతావని తల్లిని శపించాడు. ఉచ్చైశ్శ్రవం తోక నల్లన అని కద్రువ మోసం చేసింది ఆ తరువాత సంగతి. మనం కద్రువనే తిట్టుకుంటాం గాని, మొదటి గుడ్డు చిదిపిన చెయ్యి వినతది.

మన పిల్లల సంగతిలో మనం చేస్తున్నది ఇంతకంటే వేరా? ఎదురింటి పిల్ల ఇంజనీరింగులో చేరిందనీ, పక్కింటివాడు అమెరికా వెళ్ళాడనీ, ఇంకా పొదగాల్సిన గుడ్డును చిదిపే తల్లిదండ్రులు ఏ సంఘంలో లేరు? ఉగాది సభలో వేదిక మీద ఎవరి పిల్ల ముందు పాడిందన్న దానికే నెలరోజులు మాటలుండవు మనలో కొందరికి!

అయితే అన్ని ఈర్ష్యలూ కొంపలు ముంచవు. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో సత్యభామను చూడండి. ఒక్క పువ్వు రుక్మిణికి ఇచ్చాడని అలిగింది, ఏడ్చింది, కాళ్ళమీద పడ్డ కృష్ణుణ్ణి కాలితో తన్నింది కూడా. చివరకు చెట్టే ఇంటికొచ్చింది. ఆవిడ రుక్మిణి మీద లేని దోషం ఏదీ పుట్టించలేదు. తన మంట ఏదో తగిన మనిషి ముఖానే చెప్పింది. అందుకే భామాకలాపం చూస్తూ మనం నవ్వగలుగుతున్నాం.

మళ్ళీ బొమ్మ పాటకు వస్తాను, ఒక సంగతి చెప్పడం మరిచాను. రాముడు కోపంతో సీతను అడవిలో చంపి రమ్మన్నప్పుడు, అంతఃపురంలోని ఆడవాళ్ళు సీత పక్షాన నిలబడి మాట్లాడతారు. రాముడు వినలేదు, అది వేరే విషయం. కాని సవతులూ ఆడపడుచులూ బొమ్మ గీయించిన కథలు దేశమంతా ఉండగా, తెలుగు పాటలో ఇంటి ఆడవాళ్ళెవరూ శూర్పణఖతో చేతులు కలపలేదు. అసూయ వాకిలి దాటి వచ్చింది గాని, ఆ ఇంట్లో దానికి తోడు దొరికింది ఒక్క రాముడే.

మీ ఇళ్ళల్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ ఈ పాట పాడేవాళ్ళుంటే, సీత ఎంతవరకు గీసిందో, మిగతాది ఎవరు పూర్తి చేశారో అడిగి చూడండి. ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉండవచ్చు. రాసి పంపితే వచ్చే సంచికలో మరికాస్త మాట్లాడుకుందాం.