పంజరంలోని చిలుక, ఠాణాలోని ఫిర్యాదు

సంతలో ఇరుకు పంజరాల్లో కుక్కిన రామచిలుకలను చూచి మా విద్యార్థి ఒకడు పోలీసు ఠాణాకు ఫోను చేశాడు. "అది మా పని కాదు, అటవీశాఖ వారికి చెప్పుకో" అన్నారట. ఆ శాఖవారు వచ్చేసరికి పంజరాలూ లేవు, అమ్మేవాడూ లేడు. "ఇక చెప్పనండీ" అన్నాడా అబ్బాయి. మమ్ము బాధించినది ఆ మాటే.

రామచిలుకను పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందులోని 50వ సెక్షన్ అటవీ అధికారులతోపాటు సబ్‌ఇన్‌స్పెక్టరుకూ, అంతకు పై పోలీసు అధికారులకూ సోదా చేయుటకు, స్వాధీనపరచుకొనుటకు, అరెస్టు చేయుటకు అధికారమిచ్చింది. కనుక "మా పని కాదు" అన్నమాట చట్టంలో లేదు.

పోలీసులకు పనిభారం అధికమన్నది నిజమే. మేము కోరేదీ స్వల్పమే. అందిన కబురును వెంటనే డైరీలో వ్రాయాలి. సమీప అటవీ అధికారి ఫోను నంబరు ఠాణా గోడపై ఉండాలి. తెలిపినవాని పేరు గోప్యంగా ఉంచి, ఫలితమేమో అతనికి చెప్పాలి.

విద్యార్థులారా! స్థలము, సమయము, సంఖ్య స్పష్టంగా తెలపండి. పుణ్యానికి విడిచిపెడదామని చిలుకలను కొనకండి. ఆ సొమ్ముతోనే వేటగాడు మరో వల పన్నుతాడు. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురియైనదని దైవప్రవక్త (స) బోధించారు. బంధించడమే పాపమైనప్పుడు, చూచి ఊరకుండడం మనకు తగదు. ఆ అబ్బాయి మరల ఫోను చేయాలి. ఈసారి ఠాణా వినాలి.